మూడు మిరపకాయల మొన

ధర్మాబాద్ మిర్చి యార్డుల
ఎనిమిదో షెడ్డు వెనుక నా గది.
గోడ కవతల బస్తాలు,
ఇవతల ఒక పాత కంప్యూటరు, నేను,
నడుమ తుమ్ములు.
ఇక్కడ తూకం మరాఠీల, తిట్టు తెలుగుల.

నల్ల తెర మీద మూడు మొనలు,
పక్కకు పండబెట్టిన మూడు మిరపకాయల తీరుగ,
ఖాళీ జాగా దిక్కు చూసుకుంట:
ఊఁ, చెప్పు.
నేనొక మాట కొడ్త, పైథాన్ ఒక మాట తిరిగిస్తది.
తప్పు కొడితే ఏ వరుసల తప్పో చెప్పి
మళ్ల మూడు మొనలు చాపుతది,
అలుగుడు తెల్వని మనిషి.

ముందడా సేఠ్‌కు ఈ ముచ్చట వద్దు, బొమ్మ కావాలె.
"చంద్రకళా, ఏ లాట్ల ఎంత తేమున్నదో గీసి చూపియ్యి.
నడుమల అడుగుత, నడుమల మార్చు."

కిటికీ తెరిచిన.
తెరుచుకున్నది, తెల్లగ,
సున్నం గొట్టిన అద్దం లెక్క.
గుంజితే తన నీడలే ఈడ్చుకుంట వచ్చింది గానీ
లోపల గీత లేదు.

కిటికీకి ఒక గానుగ ఉంటదట.
ఎవరన్న నొక్కిన్రా, ఎవరన్న గుంజిన్రా,
మొఖం మళ్ల పూసుకోవాల్నా,
అడుక్కుంట తిరుగుతనే ఉండాలె.
సరే తిరుగు అన్న.
గీత లేచింది, ఎర్రగ, పదకొండు శాతం కాడ వంపు.
కానీ మొనలు మాయం!
ఏ అక్షరం కొట్టినా పట్టేటోడు లేడు.
కిటికీ మూస్తెనే మళ్ల మాట.
మాటుంటే బొమ్మ లేదు,
బొమ్మ లేస్తే మాట లేదు.
నాలుగు రోజులు ఇదే కొట్లాట.
అండ్ల రెండు కరెంటు తిన్నది.

ఐదోనాడు స్టేషన్ రోడ్డు మీద
యల్లుబాయి బజ్జీల బండి కాడ నిలవడ్డ.
గిరాకీ వచ్చిండు.
జేబుల చెయ్యి, కండ్లు ఆకాశంల,
మిర్చియా, ఆలుగడ్డయా, తేల్చుకుంటలేడు.
యల్లుబాయి ఆయన నోటి దిక్కే చెవి పెట్టింది.
చెయ్యి మాత్రం
బజ్జీ తిప్పింది,
స్టవ్వుకు రెండు పంపులు కొట్టింది,
మేకను అదిలించింది.
"దోన్ ప్లేట్..." అనంగనే
"ఆఁ, చట్నీ ఏస్తునా?" అన్నది.
తన కోసమే కాసుకొని ఉన్నదని అనుకున్నడాయన.
అబద్ధం గూడ కాదది.

సగం ప్లేటు ఇడిచి ఉరికిన.

నా అక్షరం పడేదాక
పైథాన్ ఊరికెనే కూసుంటది గదా,
ఆ ఊరికెనే‌ల ఒక కొక్కెం ఉన్నది.
ఎన్నడో ఎవరో పెట్టి పోయిన్రు,
తాళ్లు తలిగించుకోను దూలానికి కొట్టినట్టు.
కిటికీ గానుగను తెచ్చి దానికి తలిగేసిన.
మీట మీద నా చూపుడు వేలు దిగేదాక
గానుగ తిరగాలె.
దిగిందా, ఆగి మాట ఇనాలె.
నా వేళ్ల నిదానం నాకు తెల్సు,
ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ నడుమ
వంద చుట్లు తిరుగుతదట అది.

గీత రంగు మార్చు అన్న, మారింది.
ముప్పై రెండో లాటు తీసెయ్యి అన్న,
వంపు ఒక్కటి సాపయింది, నా కండ్ల ముందే.
సేఠ్ వచ్చి కిటికీని అటిటు గుంజి చూసిండు.
నీడలు రాలె.
మూడు మొనలు కిందనే ఉన్నయి,
ఊఁ, చెప్పు.
సేఠ్ ఏమీ అనలె. రెండుసార్లు తుమ్మిండు.

అంతా అయిపాయె అనుకోకుండ్రి.
సీజనంత లెక్క ఒక్కసారి అడిగిన,
పదివేల వరుసలు.
మళ్ల తెల్లవడ్డది కిటికీ.
పనిల మునిగినప్పుడు కాసుకొని ఉండేటిదే లేదు,
ఇంక కొక్కేనికి గానుగెక్కడిది?
దాన్ని ముక్కలు చెయ్యాలె, రేపు చూస్త.

యల్లుబాయికి గూడ అంతే.
ఎవరన్న ఐదువందల నోటిస్తే
చిల్లర లెక్కవెట్టుకుంట నూనె దిక్కు చూడది.
అప్పుడు మాడిన బజ్జీ
కాయితంల చుట్టి పక్కకు పెడ్తది
నా కోసం.
పైసలు తీసుకోది.